నాలుగు వేళ్ల ఉమ్మడి కాపురం

అమెరికా ఉత్తరాన ఉన్న మిన్నెసోటాలో ఉంటున్న తెలుగువాళ్ల ముందు ఇవాళ ఉన్న అతి పెద్ద సమస్య వీసా కాదు, ఇంటి లోను కాదు. మిట్టెన్లు, అంటే చలికి చేతులకు తొడుక్కునే సంచుల్లాంటి తొడుగులు. ఈ మాట నేను తేలిగ్గా అనడం లేదు. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికి వెళ్దామని మొన్న నవంబరులో మేం ఐదుగురం అనుకున్నాం. వెంటనే, ఎలాంటి మిట్టెన్లు కొనాలో తేల్చడానికి ఒక కమిటీ వేసుకున్నాం. కమిటీ మూడుసార్లు సమావేశమైంది. రెండుసార్లు బిర్యానీ, ఒకసారి ఇడ్లీ. తుది నివేదిక మార్చిలో ఇస్తామని అధ్యక్షులవారు ప్రకటించారు. సరస్సుల మీద వేసుకున్న గుడిసెలన్నీ మార్చిలో తీసేయాలని ఇక్కడి ప్రభుత్వం గడువు పెడుతుంది. అంటే నివేదిక సరిగ్గా అవసరం తీరిపోయాక వస్తుంది. ఇంత దూరం వచ్చినా మన పరిపాలనా సంప్రదాయాలు మరిచిపోలేదు, సంతోషం.

లంబసింగిలో సున్నా డిగ్రీలు పడితే మన పేపర్లు ఫొటోలు వేస్తాయి. ఇక్కడ టవర్ అనే చిన్న ఊళ్లో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 60 ఫారెన్‌హీట్ నమోదైంది. మన లెక్కలో మైనస్ 51. అంత దాకా ఎందుకు, 2019 జనవరిలో మినియాపోలిస్ నగరంలోనే మైనస్ 28 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 33కి దిగింది. ఫారెన్‌హీటూ సెల్సియసూ ఒకే అంకె మీద రాజీపడేది మైనస్ 40 దగ్గర మాత్రమే. ఆ రాజీ పత్రం మీద సంతకం పెట్టడానికి మాత్రం వేళ్లు పనిచేయవు.

ఇక అసలు విషయం. గ్లోవ్స్‌కీ మిట్టెన్లకూ తేడా ఏమిటని ఇండియా నుంచి అడిగేవాళ్లకు నేను ఇలా చెబుతాను. గ్లోవ్ అంటే అపార్ట్‌మెంట్. ప్రతి వేలికీ సొంత ఫ్లాట్, సొంత గోడలు, ఎవరి చలి వాళ్లది. మిట్టెన్ ఉమ్మడి కుటుంబం. నాలుగు వేళ్లు ఒకే గదిలో ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకుంటాయి, ఒకరి వేడి ఇంకొకరికి తగులుతుంది, చలికి తగిలే గోడలూ తక్కువ. బొటనవేలు ఒక్కటే పెళ్లయిన కొత్తలో గొడవపడి వేరు కాపురం పెట్టింది. అందుకే ముందుగా చలికి చచ్చేదీ అదే. మా కరీంనగర్ సభ్యుడు ఈ అన్యాయాన్ని సరిదిద్దాలనుకున్నాడు. "గివన్నీ ఎందుకన్నా, ఊలు సాక్సులే చేతులకు తొడుక్కుంటే అయిపాయె" అన్నాడు. బొటనవేలిని కూడా ఉమ్మడిలో కలిపేయాలన్న ఈ విప్లవ ప్రతిపాదన మూడు ఓట్ల తేడాతో వీగిపోయింది.

సైజు దగ్గర నేనే బోల్తాపడ్డాను. చెప్పులు కొనే అలవాటు కొద్దీ చేతికి అతుక్కున్నట్టుండే జత తీసుకున్నా. మిట్టెన్ బిగుతుగా ఉంటే రక్తం సరిగా ఆడదు, వేళ్ల చుట్టూ వెచ్చటి గాలి నిలవడానికి చోటూ ఉండదు. 150 డాలర్లు పెట్టి చేతులకు ఉరి వేసుకున్నట్టయింది. మార్చుకోవడానికి వెళ్తే, రసీదు చూసి షాపువాడు నవ్వాడు.

లోపలి అస్తరు ఊలుదై ఉండాలి. తడిసినా దాంట్లో కాస్త వెచ్చదనం మిగులుతుంది. కాటన్ వద్దే వద్దు, చెమట పీల్చుకుని ఐస్ గడ్డ అవుతుంది. మంగళగిరి చేనేత మీద నాకున్న గౌరవం దీంతో తగ్గిందని ఎవరూ అపార్థం చేసుకోవద్దు.

మా గుంటూరు సభ్యుడు హ్యాండ్ వార్మర్ ప్యాకెట్ల పక్షం. ప్యాకెట్ చింపి ఊపితే గంటల తరబడి వేడి వస్తుంది. అందులో ఉండేది ఇనుప పొడి. గాలి తగిలి తుప్పు పడుతుంది, ఆ తుప్పు పట్టడంలోనే వేడి పుడుతుంది. సముద్రపు గాలికి వైజాగ్‌లో మా ఇంటి గేటు ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తోంది, ఎవరూ దాని దగ్గర చేతులు కాచుకోలేదు. పైగా మిట్టెన్‌ను గాలి చొరబడకుండా బిగించుకుంటే ప్యాకెట్‌కి కూడా గాలి ఆడక చల్లబడిపోతుంది.

ఐస్‌లాండ్ పాతకాలపు జాలర్లు నాకు అందరికన్నా నచ్చారు. వాళ్లు అల్లుకున్న ఊలు మిట్టెన్లకు రెండేసి బొటనవేళ్లు ఉండేవి. అరచేతి వైపు అరిగిపోతే తిప్పి తొడుక్కోవడమే. ద్రోణుడు అడిగిన రోజు ఏకలవ్యుడి చేతికి అలాంటిది ఉంటే, "తీసుకోండి గురువుగారూ" అని ఖాళీది కోసిచ్చేవాడు.

జనవరి ఆఖర్లో, నివేదిక రాకుండానే, మిల్ ల్యాక్స్ సరస్సు మీదకు వెళ్లాం. నడవడానికి 4 అంగుళాల మందం చాలంటారు, మా కింద రెండడుగులుంది. ఆగర్ అనే మంచు తొలిచే మరతో 8 అంగుళాల వెడల్పు బోరు వేశాం. అనంతపురంలో వెయ్యి అడుగులు వేసినా నీళ్లు పడని రైతులను చూసినవాణ్ని, ఇక్కడ రెండడుగులకే గంగ పైకి ఉబికితే కళ్లు చెమర్చాయి. చెమర్చినవి రెప్పల మీదే గడ్డకట్టాయి. బొక్కలో తేలే మంచు ముక్కలు తోడటానికి ఒక గరిటె ఇస్తారు. అచ్చం అమ్మ గారెలు తీసే చిల్లుల గరిటె.

ఇక్కడే నాకు జ్ఞానోదయమైంది. చేపలు పట్టడంలో మిట్టెన్లు తొడుక్కుని చేయగలిగిన పని ఒక్కటీ లేదు. గోరంత గాలానికి వెంట్రుకంత దారం కట్టాలి: తీయాలి. బకెట్లో ఎర చేపను పట్టుకోవాలి: తీయాలి. ఫోన్ తీయాలన్నా ముందు అదే తీయాలి. ఇంతకాలం మేం తేల్చుకోవాల్సింది ఏది ఎంత వెచ్చగా ఉంటుందని కాదు, ఎంత త్వరగా ఊడి ఎంత త్వరగా ఎక్కుతుందని. మూడు సమావేశాల్లో ఎవరికీ తట్టలేదు.

మా పక్కన బకెట్ బోర్లించుకుని కూర్చున్న ముసలాయనకు ఇదంతా తెలుసు. ఆయనవి ఇక్కడివాళ్లు చాపర్స్ అనే మిట్టెన్లు. పైన వదులుగా జింక తోలు, లోపల ఊలు, పట్టీలు జిప్పులు ఏమీ లేవు. చేయి విదిలిస్తే ఊడొచ్చింది. చంకలో పెట్టుకున్నాడు, ముడి వేశాడు, మళ్లీ చేయి దూర్చాడు. మొత్తం పది సెకన్లు. నావి తీయాలంటే మణికట్టు దగ్గర పట్టీ పళ్లతో లాగాలి, తర్వాత మోచేతి దాకా ఉన్న తాడు సడలించాలి, లోపలి గ్లోవ్ వేలు వేలుగా ఊడబెరకాలి. ఈలోగా కింద చేప వచ్చి, ఎర తిని, వెళ్లిపోయింది.

ఆ ముసలాయన మిట్టెన్లు రెండూ ఒక తాడుకి కట్టి, మెడ వెనక నుంచి కోటు చేతుల్లోకి వేసుకున్నాడు. చిన్నపిల్లలకు వేస్తారు అలా. నాకూ ఒక తాడు ఇవ్వబోయాడు. సీనియర్ ఆర్కిటెక్ట్‌ని, ఆర్నెల్లలో గ్రీన్ కార్డ్ రాబోతున్నవాణ్ని, మెడలో తాడేమిటని మర్యాదగా వద్దన్నాను.

పది నిమిషాల తర్వాత రెండో ఎర గుచ్చుతుండగా కుడి చేతిది చంకలోంచి జారి, ఎవరో గురి చూసి వేసినట్టు, బొక్కలో పడింది. ముసలాయన ఏమీ మాట్లాడలేదు. గరిటె అందించాడు. తోడి పైకి తీశాను. ఆ రోజు మా బొక్కలోంచి పైకి వచ్చింది అదొక్కటే. రెండు నిమిషాల్లో అప్పడంలా బిగుసుకుపోయింది. గుంటూరు సభ్యుడు టేపు పెట్టి కొలిచాడు, 11 అంగుళాలు. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి, పులుసా వేపుడా అని అడిగాడు.

నాలుగో సమావేశం వచ్చే శనివారం మా ఇంట్లో. అజెండాలో ఒకటే అంశం: తాడు.