కరీబాలో గాలానికి పడినంత మాత్రాన చేప మనది కాదు

"టైగర్ ఫిష్ గాలం పట్టిందంటే పని సగం అయిపోయినట్టే" అని, జాంబియా-జింబాబ్వేల మధ్య ఉన్న కరీబా సరస్సులో ఈ పదునైన పళ్ల చేపను పట్టడం గురించిన వ్యాసంలో రాశారు. అక్కడ నాకు నవ్వొచ్చింది. అసలు టెన్షన్ అప్పుడే కదండీ మొదలయ్యేది! దాని నోరంతా ఎముకే, కొక్కెం దిగడానికి మెత్తటి చోటు దొరకడమే కష్టం. నీళ్లలోంచి పైకెగిరి ఒక్కసారి తల విదిలిస్తే కొక్కెం ఒకవైపు, చేప ఒకవైపు.

జాంబియా రాజధాని లుసాకాలో ఉద్యోగం చేసిన రోజుల్లో కరీబా ఒడ్డునున్న సియావొంగా వెళ్లి రెండు రోజులు పడవలో ఎండకు మాడాను. ఏడుసార్లు గాలం పట్టింది, పడవలోకి వచ్చింది ఒక్కటే. అదీ రెండు కిలోలు లేదు. (2001లో ఇదే సరస్సులో పడ్డ రికార్డు చేప 16.1 కిలోలు!) మొదటిరోజు స్టీలు తీగ కట్టకుండా ఉత్త నైలాన్ దారంతోనే వేశాను. ఆ పళ్లకు పుటుక్కున తెగింది. పడవ నడిపే ఆయన ఏమీ అనలేదు, తీగ చుట్ట తెచ్చి నా చేతిలో పెట్టాడు.

కపెంటా గురించి కూడా రాయాల్సింది. 1967-68లో టాంగన్యీకా సరస్సు నుంచి తెచ్చి వదిలిన చిన్న చేప, మన నెత్తళ్లలా ఉంటుంది. కరీబాలో టైగర్ ఫిష్‌కి ముఖ్యమైన మేత అదే. జనం రాత్రిళ్లు దీపాలు పెట్టి వలలతో పట్టేదీ దాన్నే. ఎండబెట్టి అమ్ముతారు. మేం చింతపులుసు పెట్టుకునేవాళ్లం.