సవరణ: రాత్రి చేసిన ఐస్‌తో తగ్గేది ఏమిటి?

గచ్చిబౌలి వైపు పెద్ద క్యాంపస్‌లు రాత్రిపూట ఐస్ చేసి పెట్టుకుని పగలు ఏసీకి వాడుకుంటే మంచిదని మొన్నటి పోస్టులో రాశాను. చాలామంది దాన్ని యూనిట్లు తగ్గుతాయని అర్థం చేసుకున్నారు. నేనన్నది డిమాండ్ గురించి, అంటే ఒకే సమయంలో లాగే గరిష్ఠ లోడ్ గురించి.

పెద్ద వినియోగదారులకు వచ్చే హైటెన్షన్ బిల్లులో యూనిట్ల ఛార్జీ వేరు, నెలలో నమోదైన గరిష్ఠ కేవీఏ (ఆ లోడ్‌కి కొలత) మీద పడే ఛార్జీ వేరు. ఏప్రిల్‌లో మధ్యాహ్నం మూడింటికి చిల్లర్లన్నీ (ఏసీ కోసం నీళ్లను చల్లబరిచే యంత్రాలు) ఒక్కసారి నడిస్తే, ఆ కాసేపటి లోడే నెల బిల్లును పెంచేస్తుంది. ఆ పనిని రాత్రి 10 తర్వాతకి జరిపితే గరిష్ఠ డిమాండ్ దిగుతుంది, రాత్రి రేటూ తక్కువే.

అయితే ఐస్ కోసం చిల్లర్ మైనస్ 5 డిగ్రీల దాకా వెళ్లాలి, కాబట్టి అదే చల్లదనానికి కరెంటు ఎక్కువ లాగుతుంది. రాత్రి గాలి చల్లగా ఉండటం వల్ల కొంత కలిసొస్తుంది, అంతే.

స్థలం ఉన్నవాళ్లకు నా ఓటు చల్లటి నీళ్ల ట్యాంకుకే. 5 డిగ్రీల నీళ్లు అడుగున, 13 డిగ్రీల నీళ్లు పైన, నెమ్మదిగా నింపితే పెద్దగా కలవకుండా నిలుస్తాయి. మామూలు చిల్లరే సరిపోతుంది. కాకపోతే కిలో ఐస్ కరిగితే 334 కిలోజౌళ్ల వేడి లాగుతుంది, కిలో నీళ్లు 8 డిగ్రీలు వేడెక్కితే 33 మాత్రమే. అంటే అదే చల్లదనానికి ఐస్ కంటే దాదాపు పదింతల బరువు నీళ్లు కావాలి, ట్యాంకూ చాలా పెద్దదే ఉండాలి.