‘నడవడి చూస్తే విశ్వాసం తెలిసిపోతుంది’ అనే వాదనకు జవాబు

క్రైస్తవుల మధ్య పదేపదే చేతులు మారుతున్న ఒక సందేశం సారాంశం ఇది: “ఫలముల వలన తెలిసికొందురు అని యేసే చెప్పాడు. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు రాశాడు. పౌలు పాపం చేసినవాణ్ణి సంఘంలోంచి వెలివేయించాడు. కాబట్టి ఎవరు నిజంగా రక్షణ పొందారో, ఎవరు పేరుకు మాత్రమే క్రైస్తవులో వాళ్ల నడవడి చూసి చెప్పవచ్చు, చెప్పి తీరాలి. చెప్పకపోతే సంఘం పాడైపోతుంది. ‘తీర్పు తీర్చకుడి’ అనేది పాపంలో ఉన్నవాళ్లు అడ్డం పెట్టుకునే వాక్యం.”

ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇంతగా పాకుతోంది. నడవడిని తూచవచ్చు, తూచమని లేఖనమే చెబుతోంది. కానీ ‘నువ్వు చేసింది తప్పు’ అనడం వేరు, ‘నువ్వు అసలు విశ్వాసివే కావు’ అనడం వేరు. మొదటి మాట కంటికి కనబడినదాని గురించి. రెండో మాట దేవుడికీ ఆ మనిషికీ మధ్య ఉన్నదాని గురించి. సందేశం రాసినవాళ్లు మొదటిదానికి ఉన్న ఆధారాలన్నీ తెచ్చి రెండోదానికి తగిలించారు. ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

“ఫలముల వలన తెలిసికొందురు అని యేసే చెప్పాడు”

మత్తయి 7:16ను దాని ముందరి వచనంతో కలిపి చదవాలి. “అబద్ధ ప్రవక్తలనుగూర్చి జాగ్రత్తపడుడి” అని మొదలవుతుంది ఆ మాట. గొర్రె తోలు కప్పుకుని మంద దగ్గరికి వచ్చే బోధకుల గురించి ఇచ్చిన హెచ్చరిక అది. మీ పక్కన కూర్చుని ఆరాధించే సోదరిని కొలవడానికి ఇచ్చిన కొలబద్ద కాదు. తొలి తరాల క్రైస్తవులు కూడా దీన్ని బోధకుల మీదే ప్రయోగించారు. ‘డిడాకే’ అనే తొలినాటి సంఘ నియమావళి 11వ అధ్యాయం చూడండి. వచ్చిన అపొస్తలుడు ఒక రోజు ఉండవచ్చు, అవసరమైతే రెండో రోజు కూడా. మూడు రోజులు ఉన్నాడంటే అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు రొట్టె తప్ప ఏమీ తీసుకోకూడదు. డబ్బు అడిగాడంటే అబద్ధ ప్రవక్త. ఎంత సూటిగా ఉందో చూడండి! ఎవరి చేతికి మందను అప్పగిస్తున్నామో వాళ్లను పరీక్షించడం అది. తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో అధ్యక్షుడికీ పరిచారకులకూ పెట్టిన అర్హతలు కూడా ఇదే కోవలోవి.

మత్తయి 7లోనే ఇంకాస్త ముందుకు వెళ్తే 22, 23 వచనాలు వస్తాయి. తీర్పు దినాన కొందరు మూడు పనులు చూపిస్తారు: నీ పేరట ప్రవచించాం, దయ్యాలను వెళ్లగొట్టాం, అనేకమైన అద్భుతాలు చేశాం. మూడూ బయటికి కనబడేవే, సంఘమంతా మెచ్చుకునేవే. జవాబు మాత్రం “నేను మిమ్మును ఎన్నడును ఎరుగను”. నడవడిని చూసి విశ్వాసాన్ని తేల్చేవాళ్లు వీళ్లకు అందరికంటే ముందు మార్కులు వేసి ఉండేవాళ్లు.

ఇక ఫలం అంటే ఏమిటి? గలతీ 5:22-23లో తొమ్మిది ఉన్నాయి: ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం, దయాళుత్వం, మంచితనం, విశ్వాసం, సాత్వికం, ఆశానిగ్రహం. ఎన్ని ఆరాధనలకు వచ్చాడు, ఏ బట్టలు వేసుకున్నాడు, ఎంత గట్టిగా ప్రార్థించాడు అన్నవి ఈ వరుసలో లేవు. పైగా ఈ తొమ్మిదిని బయటినుంచి కొలవడం ఎంత కష్టమో ఒక్క దీర్ఘశాంతాన్ని తీసుకుంటే తెలుస్తుంది. పుట్టుకతోనే నెమ్మదస్తుడు ఒకడున్నాడు. అతను కోప్పడడు, ఎప్పుడూ కోప్పడలేదు. ఇంకొకడు చెయ్యి చేసుకునే ఇంట్లో పెరిగి, తానూ చెయ్యి చేసుకుని, ఇప్పుడు నోటితో అరిచి ఆగిపోతున్నాడు. ఈ రెండోవాడి అరుపు తప్పే, తప్పని చెప్పాల్సిందే. కానీ ఆత్మ పని ఎవరిలో ఎక్కువ జరిగింది? ఎక్కడ బయలుదేరాడో తెలియకుండా ఎంత దూరం నడిచాడో చెప్పలేం. అది మనకు తెలియదు.

ఫలానికి సమయం పడుతుందన్న సంగతి కూడా యేసే చెప్పాడు. లూకా 13:6-9లో అంజూరపు చెట్టు మూడేళ్లు కాయలేదు. యజమాని నరికెయ్యమన్నాడు. తోటమాలి ఇంకో ఏడాది గడువు అడిగి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. ఫలాల గురించి మాట్లాడేవాళ్లు గొడ్డలి దగ్గరే ఆగిపోతున్నారు. తవ్వేవాళ్లు తక్కువ.

“క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు రాశాడు”

రాశాడు, అది అక్షరాలా నిజం. ఎవరికి రాశాడు? నాకు విశ్వాసం ఉందని తన గురించి తానే చెప్పుకునేవాడికి (2:14). అక్కడ అతను చూపిన క్రియ కూడా గమనించండి: బట్టలు లేక, ఆ పూటకు తిండి లేక ఉన్న సహోదరుణ్ణి ‘సమాధానంగా వెళ్లు, చలి కాచుకో’ అని వట్టి చేతులతో పంపెయ్యకపోవడం. ఇది నా చేతుల గురించిన ప్రశ్న. ఎదుటివాడి ఆత్మ గురించిన ప్రశ్నగా దాన్ని మార్చింది మనం. అదే 2వ అధ్యాయం ఎలా మొదలవుతుందో ఈ సందేశం పంపేవాళ్లు చదివారా? బంగారు ఉంగరంతో, మంచి బట్టలతో వచ్చినవాడికి మంచి చోటు చూపి, మురికి బట్టలతో వచ్చిన బీదవాణ్ణి నిలబెట్టినందుకు యాకోబు సంఘాన్ని గద్దిస్తాడు. బయటి రూపు చూసి మనిషి విలువ కట్టొద్దని చెప్పి, పది వచనాలు దాటగానే బయటి రూపు చూసి మనిషి విశ్వాసం తేల్చమని చెబుతాడా? 4:12లో అతనే అంటాడు, న్యాయాధిపతి ఒక్కడే అని.

కొందరు యోహాను మొదటి పత్రిక 3:10ని జతచేస్తారు, దేవుని పిల్లలెవరో అపవాది పిల్లలెవరో తేటపడుతుందన్న వచనం. బరువైన వచనమే, దాటవేయకూడదు. అప్పటికే సంఘాన్ని వదిలి వెళ్లి తప్పుడు బోధ చేస్తున్నవాళ్లున్నారు (2:19). వాళ్ల వల్ల కలవరపడిన విశ్వాసులకు ధైర్యం చెప్పడానికి రాసిన పత్రిక ఇది. నిత్యజీవం మీకుందని మీరు తెలుసుకోవాలని రాస్తున్నానని 5:13లో స్పష్టంగా ఉంది. ఆ పరీక్షను ముందు మన మీద పెట్టుకోవాలి. పౌలు కూడా అదే అంటాడు: “మీరు విశ్వాసముగలవారై యున్నారో లేదో మిమ్మును మీరే శోధించుకొని చూచుకొనుడి” (2 కొరింథీ 13:5).

“పౌలు వెలివేయించాడు కదా”

వెలివేయించాడు. తండ్రి భార్యను ఉంచుకున్నవాడి విషయంలో, సంఘం దాన్ని చూసి దుఃఖపడకపోగా ఉప్పొంగుతున్నప్పుడు (1 కొరింథీ 5). అందరికీ తెలిసిన పాపం, అతను మానని పాపం. అంత కఠినమైన చోట కూడా పౌలు చెప్పిన ఉద్దేశం ఏమిటి? ప్రభువు దినాన అతని ఆత్మ రక్షింపబడాలని (5:5). 11వ వచనంలో “సహోదరుడనబడినవాడు” అంటాడే తప్ప, ఇతను సహోదరుడే అనీ అనడు, కాదనీ అనడు. థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రికలో ఇంకా తేటగా ఉంది: మాట విననివాడితో సాంగత్యం మానండి, “అతనిని శత్రువుగా భావింపక సహోదరునిగా భావించి బుద్ధిచెప్పుడి” (3:15).

నడవడిని సరిదిద్దే పద్ధతి మత్తయి 18:15-17లో మెట్లుమెట్లుగా ఉంది. తప్పు జరిగేది ఎక్కువగా మొదటి మెట్టు దగ్గరే.

మొదలుపెట్టే ముందే రెండు సంగతులు తేల్చుకోవాలి. నేను కళ్లారా చూశానా, ఎవరో చెబితే విన్నానా? ఇది దేవుని ఆజ్ఞ మీరడమా, లేక రోమా 14లోని తిండి, దినాల లాంటి విషయమా? అలాంటి విషయమైతే అక్కడే ఆగాలి. “పరుని సేవకునికి తీర్పు తీర్చుటకు నీవెవడవు?” అన్నది ఆ విషయాల గురించే. ఆజ్ఞే అయితే అతని దగ్గరికి ఒంటరిగా వెళ్లాలి. చూసింది చెప్పాలి, ఎప్పుడు చూశామో చెప్పాలి, అతని జవాబు పూర్తిగా వినాలి. చాలామంది ఇలా వెళ్లకముందే నలుగురికి ‘ప్రార్థన అంశం’గా చెప్పేస్తారు. ఆ క్షణంలోనే మొదటి మెట్టు విరిగిపోయింది. తర్వాత వెళ్లినా ఆ మనిషి మీ మాట వినడు, తన పరువు కాపాడుకోవడానికే చూస్తాడు.

వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లాలి. వాళ్లు మీ పక్షాన మాట్లాడటానికి వచ్చినవాళ్లు కారు. సాక్షుల మాట మీద సంగతి స్థిరపడాలన్న ద్వితీయోపదేశకాండం 19:15 నియమం ఇది. మీరే పొరబడ్డారని వాళ్లు తేల్చినా ఒప్పుకోవాలి. ఆ తర్వాతే సంఘం. చివరిగా అన్యుడిలా, సుంకరిలా (పన్ను వసూలు చేసేవాడిలా) చూడటం. ఈ మాట రాసిన సువార్త ఒక సుంకరి పేరు మీదే ఉంది. ఆ సుంకరిని యేసు పన్ను వసూలు చేసే చోటే పిలిచి, అతని ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు (9:9-10).

గలతీ 6:1లో ‘మంచిదారికి తీసికొని రావలెను’ అన్నచోట ఉన్న గ్రీకు క్రియాపదం, మత్తయి 4:21లో జాలరులు వలలు బాగుచేసుకోవడానికి వాడిన పదమే. తెగిన వలను పడవలోంచి విసిరెయ్యరు. ఒళ్లో పెట్టుకుని కన్ను కన్నుగా అల్లుతారు.

“నిజమైన విశ్వాసి ఎవరో చూస్తేనే తెలుస్తుంది”

ఆఖరి రాత్రి భోజనం దగ్గర పన్నెండుమంది ఉన్నారు. మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడని యేసు అన్నప్పుడు, ఎవరి గురించి అన్నాడో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు (యోహాను 13:22). అప్పగించబోయే యూదాతో కలిసి తిరిగి, తిని, సువార్త చెప్పినవాళ్లకు కూడా అతని మీద అనుమానం రాలేదు. అతను లేచి చీకట్లోకి వెళ్తుంటే, డబ్బు సంచి అతని దగ్గర ఉంటుంది కాబట్టి పండుగకు కావలసినవి కొనడానికో, బీదలకు ఏమైనా ఇవ్వడానికో వెళ్తున్నాడనుకున్నారు (13:29). అదే రాత్రి కోడి కూయకముందే పేతురు, ఆ మనిషిని నేనెరుగనని ఒట్టు పెట్టుకుని శపించుకున్నాడు. ఆ రాత్రి ఆ ఇద్దరిని బయటినుంచి చూసి తీర్పు రాస్తే ఎవరు విశ్వాసి అవుతాడు?

ఏలీ యాజకుడు. హన్నా పెదవులు కదులుతున్నాయి, గొంతు వినబడటం లేదు, అందుకని తాగి ఉందనుకున్నాడు (1 సమూయేలు 1:13). ఏలీయా ప్రవక్త. నేనొక్కణ్ణే మిగిలానన్నాడు, బయలుకు మోకరించనివాళ్లు 7,000 మంది ఉన్నారని దేవుడు జవాబిచ్చాడు. ఓబద్యా, బయలును కొలిచే అహాబు రాజు కొలువులో గృహ నిర్వాహకుడు, దూరం నుంచి చూస్తే రాజీపడ్డవాడు. లోపల 100 మంది ప్రవక్తలను యాభైయేసి మందిగా గుహల్లో దాచి అన్నపానాలు ఇచ్చాడు. సమూయేలు కూడా ఏలీయాబు ఎత్తు చూసి ఇతనే అభిషిక్తుడనుకున్నప్పుడే ఆ మాట విన్నాడు: “మనుష్యులు పైరూపమును లక్ష్యపెట్టుదురు గాని యెహోవా హృదయమును లక్ష్యపెట్టును.” యాజకులు, ప్రవక్తలు పొరబడిన చోట మనం పొరబడమని ఏ ధైర్యంతో అంటున్నాం?

“తేల్చి చెప్పకపోతే సంఘం పాడైపోతుంది”

చెప్పినందువల్ల ఏం జరిగిందో చరిత్రలో ఉంది. 1740 మార్చిలో గిల్బర్ట్ టెన్నెంట్ అనే ప్రెస్బిటేరియన్ కాపరి అమెరికాలో, పెన్సిల్వేనియాలోని నాటింగ్‌హామ్‌లో ‘మారుమనస్సు పొందని’ కాపరుల ప్రమాదం మీద ప్రసంగించాడు. 1741లో అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘాలు రెండుగా చీలాయి. మళ్లీ కలవడానికి 1758 దాకా పట్టింది. ఆ కలయిక కోసం పనిచేసినవాళ్లలో టెన్నెంట్ కూడా ఉన్నాడు. జేమ్స్ డావెన్‌పోర్ట్ అనే కాపరి ఇంకా ముందుకు పోయాడు. ఊరూరా తిరుగుతూ ఫలానా కాపరి రక్షణ పొందలేదని పేరుపెట్టి ప్రకటించాడు. 1743లో న్యూ లండన్‌లో దైవభక్తి పుస్తకాలను మంటల్లో వేయించాడు. 1744లో తన తప్పులు ఒప్పుకుంటూ ప్రకటన అచ్చువేయించాడు. అతను ఒప్పుకున్నాడు సరే, అతను పేర్లు పెట్టి వెళ్లిన సంఘాల్లో తెగిన సంబంధాలు ఆ కాగితంతో అతుక్కోవు.

గోధుమ పొలంలో మొలిచిన గురుగులు అనే కలుపు మొక్కల ఉపమానం (మత్తయి 13) సరిగ్గా ఈ భయానికే జవాబు. గురుగు ఆకు గోధుమ ఆకులాగే ఉంటుంది. వెన్ను వేసేదాకా తేడా కట్టడం కష్టం. అయితే ఇక్కడ చాలామంది దాటిపోయే సంగతి ఒకటుంది. 26, 27 వచనాల ప్రకారం దాసులు వాటిని గుర్తుపట్టారు, సరిగ్గానే గుర్తుపట్టారు. అయినా యజమాని పీకనివ్వలేదు. అప్పటికి వేళ్లు అల్లుకుపోయి ఉంటాయి, గురుగును లాగితే గోధుమ కూడా లేచి వస్తుంది. కోత కోసేవాళ్లు దేవదూతలు, కోతకు సమయం యుగసమాప్తి. పొలం అంటే లోకమే కదా, సంఘం కాదుగా అని అడగవచ్చు. నిజమే, యేసే అలా చెప్పాడు. కానీ దూతలు వాటిని కూర్చేది “ఆయన రాజ్యములోనుండి” అని 41వ వచనంలో ఉంది, అంటే గురుగులు ఆయన రాజ్యం లోపలా ఉన్నాయి.

“‘తీర్పు తీర్చకుడి’ అని అడ్డం పెట్టుకుంటారు”

పెట్టుకుంటారు, ఈ ఒక్క ఫిర్యాదులో సందేశం రాసినవాళ్లతో పూర్తిగా ఏకీభవిస్తున్నాం. కానుకల డబ్బు మాయం చేసిన కోశాధికారి, సంఘ పిల్లల మీద చెయ్యి వేసిన పెద్ద, భార్యను కొట్టే భర్త ఆ వాక్యం వెనక దాక్కోవడం ఘోరం. యేసు వద్దన్నది ఎదుటివాణ్ణి శిక్షార్హుడిగా తేల్చడాన్ని. కంట్లో దూలం తీసుకున్నాక సహోదరుడి నలుసు తియ్యమని అక్కడే చెప్పాడు (మత్తయి 7:5). “వెలిచూపునుబట్టి తీర్పు తీర్చక న్యాయమైన తీర్పు తీర్చుడి” అన్నదీ ఆయనే.

డబ్బు విషయమైతే లెక్కల పుస్తకాలు సంబంధం లేని ఇద్దరి చేత తనిఖీ చేయించాలి, అది తేలేదాకా సంతకం అధికారం తీసెయ్యాలి. పెద్ద మీద ఫిర్యాదుకు ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలన్న నియమం (1 తిమోతి 5:19) చాడీల నుంచి కాపాడటానికి ఉంది. నేరాన్ని పోలీసుల దాకా వెళ్లకుండా ఆపడానికి దాన్ని వాడకూడదు. పిల్లల మీద, స్త్రీల మీద హింస జరిగితే మత్తయి 18 మెట్లు ఎక్కుతూ కూర్చోకూడదు. బాధితురాలిని ఒంటరిగా అతని దగ్గరికి పంపడం అసలే కూడదు. ముందు ఆమెను భద్రమైన చోటికి చేర్చాలి, ఆ రోజే ఫిర్యాదు ఇవ్వాలి. ఇందులో ఏ నిర్ణయానికీ ఆ మనిషి నిజమైన విశ్వాసేనా కాదా అన్నది తేలనవసరం లేదు. రేపు అతను కన్నీళ్లతో పశ్చాత్తాపపడవచ్చు, ఆ పశ్చాత్తాపం నిజమని సంఘమంతా నమ్మవచ్చు. అయినా పిల్లల తరగతి మాత్రం మళ్లీ అతనికి అప్పగించకూడదు.