రెండు రాత్రుల ఆష్‌విల్: ఊరా, కొండా?

నార్త్ కరోలినా పడమటి కొండల్లో, ఫ్రెంచ్ బ్రాడ్ నది ఒడ్డున, 2,134 అడుగుల ఎత్తులో ఉంది ఆష్‌విల్. జనాభా లక్షకు కాస్త తక్కువ. షార్లెట్ నుంచి 130 మైళ్లు, అట్లాంటా నుంచి 200. వారాంతంలో రెండు రోజులు ఎటైనా పోయొద్దాం అనుకునే అక్కడి తెలుగు ఇళ్లలో తరచూ వినపడే పేరు ఇది. శుక్రవారం సాయంత్రం బయలుదేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలంటే చేతికి మిగిలేది ఒకటిన్నర రోజు. ఆ ఒకటిన్నర రోజూ ఊళ్లోనే గడపాలని అక్క వాదం. కొండల వీపు మీదుగా సాగే బ్లూ రిడ్జ్ పార్క్‌వే రోడ్డు మీద గడపాలని తమ్ముడి వాదం.

తమ్ముడు: గ్యాలరీలు, కాఫీ షాపులు షార్లెట్‌లోనే బోలెడు ఉన్నాయి కదక్కా. అక్కడ లేనిది కొండ. అంత దూరం పోయి మళ్లీ ఫుట్‌పాత్‌ల మీదే తిరిగితే ఏం వచ్చినట్టు? ఊరి తూర్పు అంచున 70వ నంబరు హైవే దగ్గర పార్క్‌వే ఎక్కామంటే అరగంట దాటగానే క్రాగీ గార్డెన్స్, 364వ మైలురాయి. క్రాగీ డోమ్ దగ్గర కారు ఆపి ముప్పావు మైలు నడిస్తే 5,892 అడుగుల శిఖరం మీద ఉంటాం. బడికెళ్లే వయసు పిల్లలు కూడా ఎక్కేస్తారు. జూన్ నడిమికి వెళ్తే దారికి రెండు పక్కలా ఊదారంగు రోడోడెండ్రాన్ పూలు. ఇంకో పది మైళ్లు పోయి పక్కదారి ఎక్కితే మౌంట్ మిచెల్, 6,684 అడుగులు. మిసిసిపీ నదికి తూర్పున అంతకు మించిన కొండ లేదు.

అక్క: మబ్బు పట్టిందంటే ఆ శిఖరం మీద నీ చెయ్యి నీకు కనపడదు. అంత ఎత్తున వాతావరణాన్ని నమ్ముకుని ఉన్న ఒక్క శనివారాన్నీ పణంగా పెడతావా?

తమ్ముడు: మబ్బు ఎక్కడ పడుతుందో తెలుసుకుంటే పణం అక్కర్లేదు. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. నది తేమ తోడై తెల్లవారేసరికి ఊరంతా పొగమంచు. అది చూసి చాలామంది ఇవాళ కొండ దండగ అని హోటల్లోనే కూర్చుంటారు. నిజానికి అలాంటి పొద్దుల్లో శిఖరం మంచుకు పైన ఉంటుంది. కింద తెల్లటి సముద్రం, అందులో దీవుల్లా కొండ తలలు. తొమ్మిది, పది గంటలకు అది విడిపోతుంది కాబట్టి ఆరున్నరకే బయలుదేరాలి. దీనికి తిరగబడే రోజులూ ఉంటాయి. తేమగాలి కొండవాలు మీదుగా పైకి ఎక్కుతుంటే ఊళ్లో మామూలుగా ఉన్నా శిఖరానికి మబ్బు టోపీ పెట్టినట్టుంటుంది. ఆరోజు మాత్రం వెళ్లి లాభం లేదు. వేసవిలో మధ్యాహ్నం దాటాక ఉరుములు మొదలవుతాయి, అప్పటికి దిగిపోవాలి. ఇంకోటి, ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3.5 డిగ్రీల ఫారెన్‌హైట్ తగ్గుతుంది. ఊరికీ మిచెల్ శిఖరానికీ తేడా 4,550 అడుగులు, అంటే పదహారు డిగ్రీలు. గాలి దానికి అదనం. జూలైలో కూడా స్వెటర్ పట్టుకెళ్లాల్సిందే.

అక్క: సరే, నా సంగతి చెప్తా. ఆ ఊరి నడిబొడ్డు 1920ల నాటి బొమ్మలా ఎందుకు మిగిలిందో తెలుసా? అప్పు వల్ల. ఆ పదేళ్లలో ఊరు అప్పులు చేసి కట్టింది. 1930 నవంబర్ 20న అక్కడి పెద్ద బ్యాంకు కూలిపోయింది. ఊరు ఎగ్గొట్టలేదు, 1976 దాకా ఆ అప్పు తీరుస్తూనే ఉంది. మిగతా అమెరికా ఊళ్లు పాత భవనాలు పడగొట్టి పార్కింగ్ లాట్లు వేసుకుంటున్న రోజుల్లో వీళ్ల దగ్గర పడగొట్టడానికి కూడా డబ్బుల్లేవు. అలా బతికింది ఆర్కిటెక్ట్ డగ్లస్ ఎల్లింగ్టన్ 1928లో కట్టిన సిటీ హాలు. గులాబీ, ఆకుపచ్చ పెంకులతో మెట్లు మెట్లుగా పైకి లేచే దాని అష్టకోణపు కప్పును రోడ్డు అవతల నిలబడి చూడాలి. తర్వాత ఖాళీ పడ్డ దుకాణాలు చవగ్గా అద్దెకు దొరికాయి కాబట్టే కళాకారులు వచ్చి చేరారు. ఆ కథంతా మైలున్నర నడకలో కళ్లముందు ఉంటుంది. కారు అద్దంలోంచి కనపడదు.

తమ్ముడు: మైలున్నర అంటే రెండు గంటలు. ఆ తర్వాత?

అక్క: హేవుడ్ వీధిలో సెయింట్ లారెన్స్ బసిలికా అనే చర్చిలోకి వెళ్లి తల పైకెత్తు. కోడిగుడ్డు ఆకారపు గుమ్మటం, 82 అడుగుల పొడవు, 58 అడుగుల వెడల్పు. కింద ఒక్క స్తంభం లేదు, లోపల ఇనుప దూలం లేదు, చెక్క దూలం లేదు. కట్టింది రఫాయెల్ గ్వాస్తావినో అని స్పెయిన్ నుంచి వచ్చిన మేస్త్రీ. పలచటి పెంకులు పరిచి, పై వరస పెంకు కింది వరస అతుకుల మీదకు వచ్చేలా సున్నంతోనో సిమెంటుతోనో అతికిస్తూ పొరల మీద పొరలు వేయడం ఆయన పద్ధతి. బరువంతా వంపు వెంట జారి గోడల్లోకి దిగుతుంది. 1908లో ఆయన పోతే కొడుకు పూర్తి చేశాడు. ఆయన సమాధి ఆ గుడిలోనే ఉంది. కాలేజ్ వీధిలో బ్లాక్ మౌంటెన్ కాలేజీ మ్యూజియం ఉంది, చిన్నదే. ఆ కాలేజీ నడిచింది 1933 నుంచి 1957 వరకే. చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్, శిల్పి రూత్ అసావా, సంగీతకారుడు జాన్ కేజ్ లాంటివాళ్లు ఆ కొండల మధ్య చదివారు, చెప్పారు. 1948లో డిజైనర్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ కిటికీ బ్లైండ్ల పట్టీలతో గుమ్మటం లేపబోతే లేవలేదు. మరుసటి ఏడు మళ్లీ వచ్చి కట్టి నిలబెట్టాడు. విద్యార్థుల ముందు ఓడిపోవడానికి వెనకాడని చదువు అది. మన పిల్లలకు చూపించాల్సింది అదే.

తమ్ముడు: ఒప్పుకుంటాను, ఆ చర్చి గుమ్మటం నాకూ చూడాలనుంది. కానీ చేతిపనులు చూడటానికి ఊళ్లో తిరగక్కర్లేదక్కా. పార్క్‌వే మీదే 382వ మైలురాయి దగ్గర ఫోక్ ఆర్ట్ సెంటర్ ఉంది. 1930లో పుట్టిన సదరన్ హైలాండ్ క్రాఫ్ట్ గిల్డ్ అనే చేతిపనివాళ్ల సంఘానిది. లోపలికి టికెట్ లేదు. చీపుళ్లు, బుట్టలు, క్విల్టులు, కుండలు, అన్నీ ఆ కొండలవాళ్లు చేసినవే. దిగేటప్పుడు అరగంట ఆగితే చాలు.

అక్క: అరగంటలో వస్తువు కొనగలవు, దాన్ని అడగలేవు. ఆవకాయకు జాడీ కొనాలనుకో. చేసినవాడి ఎదురుగా నిలబడి కొనాలి. ముందు వేలి కణుపుతో కొట్టి చూడు, ఖంగుమంటే మంచిది, డబ్‌మని మూగగా పలికితే ఎక్కడో నెర్ర ఉంది. లోపలికి వెలుగు పడేలా వంచి చూడు. మెరుపు పూత మీద సాలెగూడులా సన్నటి గీతలుంటే ఉప్పూ నూనే అందులోకి ఇంకుతాయి, ఇక ఎంత కడిగినా ముక్క వాసన పోదు. ఎంత వేడిలో కాల్చావని అడుగు. 1,200 డిగ్రీల సెల్సియస్ పైన కాల్చిన స్టోన్‌వేర్ మన పింగాణీ జాడీ లాంటిది, నీరు పీల్చదు. వెయ్యి దగ్గర ఆపేసిన ఎర్రమట్టి పీలుస్తుంది. లోపలి పూత పులుపుకు ఆగుతుందా అని కూడా అడుగు. మెరుపు లేని ముదురు ఆకుపచ్చల్లో రాగి ఉండొచ్చు, పులుపుకు అది ఊడి వస్తుంది. ఇంటికొచ్చాక నిమ్మచెక్క ఒక రాత్రి బోర్లించి ఉంచితే తెలిసిపోతుంది. పొద్దున ఆ చోట రంగు మారితే అందులో ఊరగాయ పెట్టకూడదు, గరిటెలు పెట్టుకోవాలి. మరిగే తిరగమోత చల్లటి జాడీలో నేరుగా పోస్తే ఎంత మంచి స్టోన్‌వేర్ అయినా చిట్లొచ్చు. ఇవన్నీ దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషికి తెలియాలని లేదు. నది ఒడ్డున కళాకారుల స్టూడియోలున్న పేట, రివర్ ఆర్ట్స్ డిస్ట్రిక్ట్‌లో చక్రం ముందు కూర్చున్న మనిషికి తెలుస్తుంది.

తమ్ముడు: ఆ డిస్ట్రిక్ట్ వరదలో పోయింది కదా.

అక్క: పోలేదు, దెబ్బతింది. 2024 సెప్టెంబర్ 27న హెలీన్ తుఫానుకు నది 24.67 అడుగులకు లేచింది. 1916 వరద రికార్డు దాటింది. పల్లంలో ఉన్న స్టూడియోలు కప్పుదాకా మునిగాయి. బట్టీలు, చక్రాలు, ఏళ్లపాటు దాచుకున్న కాన్వాసులు బురదలో కలిసిపోయాయి. కుళాయిలో తాగే నీళ్లు రావడానికి ఊరికి 53 రోజులు పట్టింది. ఎత్తున ఉన్న భవనాలు కొన్ని నిలిచాయి, మిగతావి ఒక్కొక్కటే తలుపులు తెరుస్తూ వచ్చాయి. ఇలాంటప్పుడు కొండ చూసి ఫొటో తీసుకుని, హైవే పక్క హోటల్లో పడుకుని వచ్చేస్తే ఆ ఊరికి మనం ఇచ్చిందేముంది? నలభై డాలర్ల కప్పు ఒకటి నేరుగా కుమ్మరి చేతిలో డబ్బు పెట్టి కొను. అది అతని మట్టికీ కరెంటుకీ పోతుంది.

తమ్ముడు: ఆ మాట నిజం. హెలీన్ పార్క్‌వేను కూడా వదల్లేదు. వందల చోట్ల చెట్లు పడ్డాయి, కొండచరియలు విరిగి రోడ్డు తెగింది. అందుకే వెళ్లే ముందు రాత్రి, మళ్లీ పొద్దున, నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ల రోడ్డు పట్టిక చూడాలి. ఏ మైలురాయి నుంచి ఏ మైలురాయి దాకా తెరిచి ఉందో అందులో ఉంటుంది. ఫోన్ మ్యాప్‌ను నమ్ముకుంటే మూసిన గేటు ముందుకు తీసుకెళ్లి నిలబెట్టొచ్చు, పైగా అక్కడ సిగ్నల్ ఉండదు. మ్యాప్ ముందే దించుకోవాలి. 469 మైళ్ల పార్క్‌వే మొత్తం మీద ఒక్క పెట్రోలు బంకు లేదు, ఊళ్లోనే ట్యాంకు నింపుకోవాలి. వేగం గంటకు 45 మైళ్లు మించకూడదు. మలుపుల్లో ముప్పైకి దిగాల్సిందే కాబట్టి మ్యాప్ చెప్పిన టైముకు మూడో వంతు కలుపుకోవాలి.

అక్క: మలుపులంటే వెనక సీట్లో పిల్లల వాంతులు కూడా.

తమ్ముడు: ఫోన్లు చేతికివ్వకపోతే సగం తగ్గుతాయి. కదిలే కారులో కన్ను కదలని తెర మీద ఉంటే చెవిలోని తూకం తికమకపడుతుంది. బయటికి, దూరంగా చూడమనాలి. ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు. రెండు ఇడ్లీలు, బుగ్గన అల్లం మురబ్బా. దిగేటప్పుడు జాగ్రత్త మన వంతు. నాలుగు వేల అడుగులు బ్రేకు తొక్కుతూనే దిగితే ప్యాడ్లు కాలిన వాసన వస్తుంది, తర్వాత బ్రేకు పట్టదు. ఆటోమేటిక్ అయినా తక్కువ గేరులో వేసి ఇంజన్‌తోనే ఆపుకోవాలి. షార్లెట్ తిరిగొచ్చేటప్పుడు ఐ-26 హైవే మీద సలూడా దగ్గర దిగుడులోనూ అంతే.

అక్క: ఎలుగుబంట్ల మాట మరిచిపోయావు. ఆ చుట్టుపక్కల నల్ల ఎలుగులు ఊరి వీధుల్లోకీ వస్తాయి. తాళం వేయని కారు తలుపు తెరవడం వాటికి తెలుసు. పులిహోర డబ్బా, చేగోడీల సంచి సీట్లో వదిలి రాత్రి పడుకోకూడదు.

తమ్ముడు: వదలం. మరి బిల్ట్‌మోర్ సంగతేంటి? ఊరు చూడాలనే నువ్వు ఆ కోటను ఒక్కసారి కూడా ఎత్తలేదు.

అక్క: కావాలనే ఎత్తలేదు. జార్జ్ వాండర్‌బిల్ట్ 1895లో గృహప్రవేశం చేసిన 250 గదుల ఇల్లు, 8,000 ఎకరాల ఎస్టేట్. టికెట్ తేదీని బట్టి మారుతుంది, పెద్దవాళ్లకు తలకు వంద డాలర్ల చుట్టూ, సీజన్లో ఇంకా ఎక్కువ. ఇంట్లోకి వెళ్లే వేళ కూడా ముందే బుక్ చేసుకోవాలి. గేటు నుంచి ఇల్లే మూడు మైళ్లు. అంత పోసి రెండు గంటల్లో బయటికి రాబుద్ధి కాదు, పూర్తిగా చూడాలంటే రోజు పోతుంది. రెండు రాత్రుల ప్రయాణానికి అది తగదు. మూడో రోజు ఉంటే చూడొచ్చు.

తమ్ముడు: ఇందులో నీతో గొడవ లేదు. ఊరు, కొండ, కోట, మూడూ ఒకే శనివారంలో కుక్కేవాళ్లకు మిగిలేది పార్కింగ్ వెతుకులాటే. అక్టోబర్ అయితే మరీనూ. ఆకులు రంగు మారేది పైనుంచి కిందికి. అయిదు వేల అడుగుల మీద నెల మొదట్లో, ఊళ్లో నెలాఖరుకు. ఆ వారాల్లో 418వ మైలురాయి దాటాక గ్రేవ్‌యార్డ్ ఫీల్డ్స్ దగ్గర పొద్దున తొమ్మిది దాటితే కారు పెట్టడానికి చోటుండదు. గదులు కూడా రెండు రాత్రులకు తక్కువ ఇవ్వరు చాలామంది.

అక్క: తిండి మాత్రం ఊళ్లోనే. మెహర్వాన్ ఇరానీ 2009లో పెట్టిన చాయ్ పానీ 2022లో దేశం మొత్తం మీద ఉత్తమ రెస్టారెంట్‌గా జేమ్స్ బియర్డ్ అవార్డు తెచ్చుకుంది. అగ్గిపుల్లల్లా నిలువునా తరిగి కరకరలాడేలా వేయించి, ఉప్పూ నిమ్మరసం చల్లిన బెండకాయ తిను, మన వేపుడుకు చుట్టమే. శనివారం ఏడింటికి పోతే వరస పొడుగ్గా ఉంటుంది, అయిదింటికే పోవాలి.

తమ్ముడు: అయిదింటికి అయితే కొండ దిగి స్నానం చేసి రావచ్చు. చూశావా, నా ప్లాన్‌లో నీ బెండకాయ కూడా పట్టింది.

అక్క: స్టూడియోలు పట్టలేదు. చాలావరకు పదింటికో పదకొండింటికో తెరిచి నాలుగు, అయిదింటికి మూసేస్తారు. నువ్వు కొండ దిగేసరికి తలుపులు వేసి ఉంటాయి.

తమ్ముడు: ఆదివారం ఉన్నాయిగా.

అక్క: కొన్ని ఉంటాయి, కొన్ని ఉండవు. శనివారమైతే ఎక్కువమంది ఉంటారు.

తమ్ముడు: అయితే పొద్దున ఆరింటికి పట్టిక చూస్తాను. క్రాగీ దాకా రోడ్డు తెరిచి ఉంటే వెళ్లి పదకొండుకల్లా దిగొచ్చేద్దాం. మిచెల్ వదిలేస్తాను.

అక్క: పదకొండంటే పదకొండే. జాడీలో నీళ్లు పోయించి కాగితం మీద గంటసేపు పెట్టి చూడాలి, అడుగున తడి దిగితే ఇంకోటి వెతకాలి. దానికి టైము కావాలి.