ఎయిర్‌బ్యాగుల లెక్కలో పిల్లలు ఎక్కడ?

విజయవాడ, గుంటూరు షోరూములకు కారు కొనడానికి వెళ్లే కుటుంబాలు ఇప్పుడు మైలేజీతోపాటు ఎయిర్‌బ్యాగులు ఎన్ని ఉన్నాయని కూడా అడుగుతున్నాయి. ఇది మంచి మార్పే. 2019లో డ్రైవరు వైపు, 2021లో ముందు సీటు ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగును కేంద్రం తప్పనిసరి చేయడంతో చిన్న కారులోనూ కనీసం రెండు ఉంటున్నాయి. అయితే ఆ రెండో ఎయిర్‌బ్యాగుకు ఎదురుగా మన ఇళ్లలో తరచుగా కూర్చునేది తల్లి ఒడిలోని బిడ్డ. పెద్దవారి ప్రాణం కాపాడడానికి అమర్చిన ఆ పరికరమే పసివారి ప్రాణం తీయగలదని కారు అప్పగించే రోజున చెప్పేవారు అరుదు.

ఇది ఊహ కాదు. 2024లో కేరళలోని మలప్పురం జిల్లాలో కారు, ట్యాంకరు ఢీకొన్నప్పుడు ముందు సీటులో తల్లి ఒడిలో ఉన్న రెండేళ్ల పాప, తెరుచుకున్న ఎయిర్‌బ్యాగు ముఖానికి అదుముకుపోవడంతో మరణించింది. కారులోని పెద్దలు మాత్రం ప్రాణాలతో బయటపడ్డారు. అదే ఏడాది డిసెంబరులో నవీ ముంబయిలోని వాశిలో ముందు సీటులో కూర్చున్న ఆరేళ్ల బాలుడు ఎయిర్‌బ్యాగు దెబ్బకే చనిపోయాడు.

కారణం ఆ పరికరం పనిచేసే తీరులోనే ఉంది. కారు దేన్నైనా బలంగా ఢీకొన్న మరుక్షణం సెన్సర్లు సంకేతం పంపుతాయి, ఇన్‌ఫ్లేటరులో పుట్టిన వాయువు సెకనులో ముప్పయ్యో వంతు సమయంలోనే సంచిని నింపేస్తుంది, ఆ సంచి గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో బయటికి దూసుకువస్తుంది. బెల్టు పెట్టుకుని, ఎయిర్‌బ్యాగుకు కనీసం 25 సెంటీమీటర్ల దూరంలో ఛాతీ ఉండేలా కూర్చున్న పెద్దవారు ముందుకు వంగేసరికి సంచి పూర్తిగా నిండి, మెత్తబడడం మొదలై ఉంటుంది. ఒడిలోని బిడ్డ తల ఆ 25 సెంటీమీటర్ల లోపలే ఉంటుంది కాబట్టి, ఇంకా నిండుతున్న సంచి పూర్తి బలంతో బిడ్డ ముఖాన్ని, మెడను తాకుతుంది. వెనక్కి తిరిగి ఉండే శిశువుల సీటును (కారు సీటు మీద విడిగా బిగించే, సొంత బెల్టులున్న చిన్న సీటు) ముందు బిగించడం కూడా ఇంతే ప్రమాదం, ఎందుకంటే సంచి నేరుగా ఆ సీటు వీపును, అంటే శిశువు తల వెనుక భాగాన్ని కొడుతుంది.

బిడ్డను గట్టిగా పట్టుకుంటే చాలన్న నమ్మకం మనలో బలంగా ఉంది. ఆ నమ్మకం వెనుక ఉన్నది ప్రేమే కాబట్టి దానిని తేలిగ్గా తీసిపారేయలేం, కానీ లెక్క దానిని ఒప్పుకోదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు సెకనులో పదో వంతులో ఆగిపోతే, పది కిలోల బిడ్డ సుమారు 140 కిలోల బరువుతో సమానమైన బలంతో ముందుకు విసురుగా వెళ్తుంది. ఏ తల్లి చేతులూ దానిని ఆపలేవు. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు వేస్తే పరిస్థితి మరింత ఘోరం, తల్లి శరీర భారమంతా బిడ్డను బెల్టుకు నొక్కేస్తుంది.

అమెరికా ఈ పాఠాన్ని చాలా ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. అక్కడ 1990 నుంచి 2008 మధ్య, పెద్దగా వేగం లేని ప్రమాదాలలో ముందు ఎయిర్‌బ్యాగుల దెబ్బకు 290 మందికి పైగా మరణించారు. వారిలో ముందు ప్రయాణికుల సీటులో ఉన్నవారిలో అత్యధికులు పిల్లలే, అందులోనూ ఎక్కువమంది బెల్టు లేనివారో, ముందు సీటులో వెనక్కి తిరిగిన శిశువుల సీటులో ఉన్నవారో. ఈ మరణాలు బయటపడడంతో 1990ల చివరి నుంచే సంచుల బలం తగ్గించారు, పిల్లల చోటు వెనుక సీటేనని దేశమంతా ప్రచారం చేశారు. ముప్పై ఏళ్ల కిందటే తెలిసిన సంగతికి మన పిల్లలు మళ్లీ మూల్యం చెల్లించాల్సిన అవసరం లేదు.

మన దగ్గర చట్టం లేకపోలేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. అమలు మాత్రం డ్రైవరు బెల్టు దగ్గరే ఆగిపోయింది. మలప్పురం దుర్ఘటన తరువాత కేరళ రవాణా శాఖ పిల్లల సీట్లను తప్పనిసరి చేస్తామని ప్రకటించింది. ఆ వెంటనే రాష్ట్ర రవాణా మంత్రే ఇప్పట్లో అమలు చేయబోమని వెనక్కి తగ్గారు. అమలులో ఇబ్బందులు నిజమే కావచ్చు, కానీ ముందు సీటులో ఒడిలో బిడ్డ కనిపిస్తే కారు ఆపి, వెనక్కి మార్పించి పంపడానికి పోలీసులకు కొత్త ఉత్తర్వు అక్కర్లేదు.

కొనుగోలుదారులు గమనించవలసిన ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. కార్లను ఢీకొట్టించి చూసి భద్రతకు నక్షత్రాలు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష 2023 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చింది, అందులో పిల్లల రక్షణకు 49 మార్కులు ఉన్నాయి. ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లలను పోలిన బొమ్మలను పిల్లల సీట్లలోనే కూర్చోబెట్టి ఆ పరీక్ష చేస్తారు. అంటే ప్రకటనలో చూసి మురిసిపోయే ఐదు నక్షత్రాలు, పిల్లల సీటు కొనని కుటుంబానికి వర్తించవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఈ సీట్లు పిల్లల మరణాలను 60 శాతం వరకు తగ్గించగలవు. ఇప్పుడు వచ్చే చాలా కార్లలో వెనుక సీటు మడతలో, పిల్లల సీటును నేరుగా కారుకు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉంటున్నా, అవి దేనికో తెలియక వాడనివారే ఎక్కువ.

లక్షలు పోసి కారు కొన్నవారు ఆ తరువాత ఖర్చు పెట్టేది సీటు కవర్ల మీద, ముందు బిగించే ఇనుప గార్డుల మీద. సీటు పక్క భాగంలో ఎయిర్‌బ్యాగు ఉన్న కారుకు తగని కవరు తొడిగితే అది సరిగా తెరుచుకోలేకపోవచ్చు. ఇనుప గార్డు ఉంటే, కారు ఢీకొన్న తీవ్రత సెన్సర్లకు సరిగా అందకపోవచ్చు. అటువంటి గార్డులపై చర్య తీసుకోవాలని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు చెప్పింది. ఆ డబ్బుతో ఒక మంచి పిల్లల సీటు వస్తుంది.

విజయవాడ నుంచి గుంటూరుకు వెళ్లడాన్ని మనం ప్రయాణంగానే లెక్కించం. వారధి దాటితే మంగళగిరి, కాజ టోల్‌గేటు దాటితే గుంటూరు, ఈ కొద్ది దూరానికి పిల్లల సీటెందుకు అనుకుంటాం. కానీ లారీలు, బస్సులు, అడ్డం వచ్చే బైకులతో నిండిన ఆ జాతీయ రహదారి మీద హఠాత్తుగా బ్రేకు వేయవలసి రావడానికి ముప్పై కిలోమీటర్లు చాలా ఎక్కువ.

కారు తాళాలు అప్పగించి ఫొటో తీసే ముందు, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా అని షోరూము సిబ్బంది అడగాలి. పన్నెండేళ్ల లోపు పిల్లలు వెనుకే కూర్చోవాలని చెప్పి, ఐసోఫిక్స్ కొక్కేలకు సీటు బిగించి చూపించాలి. అంతకన్నా ముందు ఈ మాట ప్రసూతి ఆసుపత్రిలో వినిపించాలి. పుట్టిన బిడ్డ మొదటి కారు ప్రయాణం అక్కడి నుంచే మొదలవుతుంది కనుక, టీకాల కార్డు ఇచ్చేటప్పుడే బిడ్డను ముందు సీటులో ఎక్కించవద్దని నర్సు చెబితే, అమ్మమ్మ, నానమ్మ సహా ఇంటిల్లిపాదీ ఆ మాటను వింటారు.