ఐదు గంటల అబద్ధం

ఎనిమిదో వేతన సంఘం విధివిధానాలను 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. గ్రామీణ డాక్ సేవకుల ఊసు అందులోనూ లేదు. రెండున్నర లక్షల మంది పల్లె తపాలా సిబ్బందిని మళ్లీ గడప బయటే నిలబెట్టారు.

ఈ అన్యాయం నిన్న మొన్నటిది కాదు. పల్లెలో జీతపు గుమాస్తాను పెడితే గిట్టదని తలచిన బ్రిటిష్ ప్రభుత్వం ఏ బడిపంతులుకో, దుకాణదారుకో ఆ పని అప్పగించి నెలకింత భత్యం చేతిలో పెట్టింది. వేరే బతుకుదెరువు ఉన్నవాడు తీరిక వేళ ఉత్తరాలు చూసుకుంటాడన్నది అప్పటి లెక్క. పాలకులు మారారు, 'ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంటు' అన్న పేరూ 'గ్రామీణ డాక్ సేవక్'గా మారింది, ఆ లెక్క మాత్రం మారలేదు. వేరే జీవనాధారం ఉండి తీరాలని, పని రోజుకు ఐదు గంటలు మించదని నేటికీ నిబంధనలు చెబుతూనే ఉన్నాయి.

ఆ ఐదు గంటలు కాగితం మీదివే. సంచి విప్పి ఉత్తరాలకు ముద్ర వేయడంతో, డాక్ సేవకుడిగానే పల్లె తపాలా కార్యాలయాన్ని నడిపే బ్రాంచి పోస్టుమాస్టరు పని తీరిపోదు. పొదుపు ఖాతాలు, సుకన్య సమృద్ధి, బీమా పాలసీలు, పేమెంట్స్ బ్యాంకు, వీటన్నిటికీ పైనుంచి దిగే లక్ష్యాలు ఉండనే ఉన్నాయి. తెలంగాణ పల్లెల్లో ఆసరా పింఛన్ల రోజున, కూలి పనికి అరిగిపోయి వేలిముద్ర పడని వృద్ధురాలి చెయ్యి తుడిచి ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ యంత్రం మీద పెట్టించిందీ ఆయనే. సిగ్నల్ అందక గంట గడిచిపోతే ఆ గంటకు లెక్క లేదు.

గ్రామీణ కార్యాలయాల రాబడి ఖర్చుకు చాలదని శాఖ అంటుంది. కాదనలేం. అయితే ఆ లోటును అందరికంటే తక్కువ పుచ్చుకునేవాడి భత్యంలోంచి పూడ్చుకోవడం ఏం న్యాయం? 2018లో సవరించిన తరువాత కూడా నాలుగు గంటల పనికి బ్రాంచి పోస్టుమాస్టరుకు కరవు భత్యం కాక కనీసం రూ.12,000, ఆయన సహాయకుడికి రూ.10,000 నిర్ణయించారు. వీరి భత్యాలపై వేసిన కమిటీ నివేదిక 2016 నవంబరులోనే చేతికందినా, ఆ మాత్రం సవరణకైనా సిబ్బంది రెండు వారాలకు పైగా సమ్మె చేయవలసి వచ్చింది.

అసలు కపటం మరొకచోట ఉంది. డాక్ సేవకులవి సివిల్ పోస్టులే, అంటే ప్రభుత్వ కొలువులేనని, రాజ్యాంగ రక్షణ వీరికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1977లోనే తేల్చింది. నిబంధనలేమో వీరిని కేంద్ర సివిల్ సర్వీసు వెలుపలివారంటాయి. నగదులో తేడా వస్తే, లక్ష్యం తప్పితే వీరు శాఖ మనుషులు, జీతం అడిగిననాడు పరాయివారు. కార్మికుడికి న్యాయమైన వేతనం ఇవ్వాలని ప్రైవేటు యజమానికి చెప్పవలసిన ప్రభుత్వమే ఇలా చేస్తే, పూర్తి పని చేయించుకుని పార్ట్‌టైమ్ పేరు తగిలించే ప్రతి యజమానికీ అదే ఒరవడి అవుతుంది.

ఇప్పుడు ప్రతి లావాదేవీ సమయంతో సహా శాఖ కంప్యూటర్లలో నమోదవుతోంది. ఎవరు ఎన్నింటికి పని మొదలుపెట్టారో, ఎన్నింటికి ముగించారో తెలుసుకోవడానికి కొత్త కమిటీ అక్కరలేదు. ఆ లెక్కలు దగ్గర పెట్టుకుని కూడా ఐదు గంటల మాట వల్లిస్తున్న తపాలా శాఖ, తన సిబ్బంది కష్టాన్ని తెలిసి తెలిసి దోచుకుంటోంది.