తోటిపిల్లల్ని మరిచిపోయారు

కుటుంబం, బడి, మతం కలిసి మనిషిని సమాజానికి తగ్గట్టు మలుస్తాయని, సమాజంలో క్రమం అక్కడి నుంచే వస్తుందని మీ వ్యాసంలో రాశారు. కాదనను. కానీ స్నేహబృందానికి ఒక్క వాక్యమేనా? అమెరికా సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ కూలీ 1909లో ప్రాథమిక సమూహాల (మనిషిని మొదట మలిచే దగ్గరి గుంపుల) గురించి రాసినప్పుడే కుటుంబం, ఇరుగుపొరుగుల సరసన పిల్లల ఆటల గుంపునూ చేర్చాడు.

ఇంట్లో నియమం పైనుంచి వస్తుంది. అమ్మ వద్దంటే వద్దు, అంతే. ఆటలో అలా కుదరదు. గోళీలాడే పిల్లల్ని గమనించి స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే 1932లో చెప్పింది ఇదే. చిన్నపిల్లలు ఆట నియమాలంటే పెద్దవాళ్లు పెట్టినవి, మార్చకూడనివి అనుకుంటారు. పదీ పదకొండేళ్లు వచ్చేసరికి, అందరం ఒప్పుకుంటే మార్చుకోవచ్చని తెలుసుకుంటారు. తొండి చేసినవాడిని కొట్టరు, తిట్టరు (సరే, తిడతారు). మళ్లీ ఆటకు పిలవరు. ఆ భయం చాలు.

ఇక సమూహం తెచ్చే క్రమం ఎప్పుడూ మంచిదే అన్నట్టు రాయడం నాకు నచ్చలేదు. 1950లలో మనస్తత్వవేత్త సాలమన్ ఆష్ చేసిన ప్రయోగాల్లో, గీతల పొడవు కళ్లెదుటే స్పష్టంగా కనిపిస్తున్నా, మిగతావాళ్లంతా (వాళ్లు ఆష్ ముందే మాట్లాడి పెట్టుకున్నవాళ్లు) తప్పు చెబితే, ఆ సంగతి తెలియకుండా పాల్గొన్నవాళ్లు సుమారు మూడోవంతు సార్లు తామూ అదే తప్పు చెప్పారు. కొత్తవాళ్ల ముందే ఇంత మొహమాటమైతే, సొంత గ్యాంగ్ ముందు కుర్రాడి టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. అయితే గుంపులో ఇంకొక్కడు నిజం చెబితే చాలు, ఆ తప్పులు బాగా తగ్గిపోయాయి. రెండో భాగం రాసే ఆలోచన ఉంటే ఆ ఒక్కడి గురించి రాయండి.